వేడి గడిలో సున్నా

కోల్ ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న మా ఇంటికి వచ్చారు. టీ తాగి, గోడ మీది ఫొటోలు చూసి, చివరికి అసలు సంగతి బయటపెట్టారు. రిటైరయ్యారు కదా మేడం, మాకు పనికొచ్చేలా ఏదైనా రాసివ్వండి అన్నారు. నా ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో నాకే గుర్తు లేదు, మీకెందుకు? ఫైళ్ళ నడక మీకు ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. నేను ఒక్క పట్టిక గురించి రాస్తాను. ఆ పట్టికలో ఒక గడి చాలాకాలం నన్ను వదల్లేదు.

మన పని

మాది సింధనూరు తాలూకా జవళగేర. మా తాత కోస్తా నుంచి కాలువ నీళ్ళను నమ్ముకుని వచ్చి ఇక్కడ వరి వేశాడు. ఇంట్లో కోస్తా మాట, బళ్ళో కన్నడం, బజారుకెళితే ఉర్దూ. ఇలా మూడు భాషల మధ్య పెరిగి, కెమిస్ట్రీ చదివి, రాయచూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో కెమిస్టుగా చేరాను. ఆడపిల్ల బొగ్గులో ఏం పని చేస్తుందని మా మేనత్త నాలుగైదేళ్ళు బెంగపడింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా నా గోళ్ళు చూసేది.

మన పని పైకి చాలా తేలిక. రైలు వ్యాగన్లలో బొగ్గు వస్తుంది. అందులోంచి నమూనా తీసి, పొడిచేసి, ఉక్కు డబ్బాలో పెట్టి కాల్చి, ఎంత వేడి వచ్చిందో చూస్తాం. కానీ బొగ్గని వచ్చేదంతా బొగ్గు కాదు. కొంత రాయి, కొంత మట్టి, వానాకాలమైతే బోలెడు నీళ్ళు. ఆ నీళ్ళు బాయిలర్‌లో ఆవిరై చిమ్నీలోంచి పోతాయి. పోతూ పోతూ కొంత వేడిని ఎత్తుకుపోతాయి. మన దేశంలో ఆ పోయే వేడిని కూడా కలుపుకుని మొత్తం వేడి ఇంత అని రాయడం అలవాటు. యూరప్ దేశాల్లో ఆ పోయేదాన్ని తీసేసి, మిగిలినదే రాస్తారు. రెండూ తప్పు కాదు. ఇక్కడ చెప్పిన ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కులకర్ణి సారు

నాకు పని నేర్పింది కులకర్ణి సారు. ఇంట్లో కన్నడం, మాతో రాయచూరు తెలుగు, కోపం వస్తే ఇంగ్లీషు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండలో తిరిగేటప్పుడు తడి చేతిరుమాలు నెత్తిన వేసుకునేవారు, అది ఆరేలోపు యూనిట్లన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవారు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "ఏ లెక్కన?" ఏ కాగితం తీసుకెళ్ళినా అంకె చూడకముందే ఆ మాట అడిగేవారు. బొగ్గు బాగుందంటే ఏ లెక్కన బాగుంది, తడిదా ఆరినదా అనేవారు. క్యాంటీన్‌లో వంటాయన ఇవాళ ఉప్మా బాగా కుదిరింది సార్ అంటే, ఏ లెక్కన, నిన్నటి ఉప్మాతోనా హోటల్ ఉప్మాతోనా అని అడిగి ఆయన్ని ఇరుకున పెట్టేవారు. ఇంట్లో కూడా ఇదే వరస. ఒకసారి వాళ్ళావిడే చెప్పారు. ఈయనకు పెళ్ళిచూపుల్లో నేను నచ్చానన్నప్పుడు ఏ లెక్కన అని అడగాలని అప్పుడు తట్టలేదమ్మా, ఇప్పుడు తట్టి ఏం లాభం అని. సారు పక్కనే కూర్చుని నవ్వారు.

మేమంతా వెనకాల ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆయనంటే మాకు ప్రాణం. కేకలేసిన రోజు సాయంత్రం తప్పకుండా మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. చీవాట్లు తిన్నవాళ్ళకు రెండు ఎక్కువ.

ఆయనకు ఒక కోరిక ఉండేది. బాయిలర్ నీళ్ళలో ఉప్పు పేరుకోకుండా ఎప్పుడూ కొంచెం నీళ్ళు బయటికి వదులుతాం, మీరూ చూసే ఉంటారు. చేయి పెడితే చర్మం ఊడొచ్చేంత వేడి నీళ్ళు. వాటిని కాస్త చల్లార్చి మురుగు కాలువలోకి వదిలేస్తాం. సారు ఆ పొగలు కక్కే కాలువ దగ్గర నిలబడి, అయ్యో ఇంత వేడి నేలపాలు చేస్తున్నామే అని బాధపడేవారు.

ఆ బాధకు ఒక దారి చూపించింది నర్సిములు. అతను మా ల్యాబులోనే నీళ్ళ నమూనాలు తెచ్చేవాడు, ఊరు చంద్రబండ. ఇంట్లో కొద్దిగా మిరప వేసేవాళ్ళు. అతని భార్య, ఇంకొంతమంది ఆడవాళ్ళు సంఘంగా కలిసి చుట్టుపక్కల కాయలు కొని ఎండబెట్టి అమ్మేవాళ్ళు. ఒక ఏడాది కాయలు కళ్ళంలో ఉండగా అకాల వాన కొట్టింది. ఎర్రటి కాయ తెల్లబడి, బూజు పట్టి, సగం తాలు అయిపోయింది. నర్సిములు ఆ కాలువ దగ్గరే సారుతో అన్నాడు.

"ఏంది సార్ ఇది, ఈడ గింత వేడి మోరీల పోతుంది, ఆడ మా కాయలేమో తడిసి బూజు పడ్తున్నయ్. జర ఈ వేడి మా దిక్కు మళ్ళియ్యరాదు?"

మర్నాడు సారు బల్ల మీద ఆయన గీసిన ఒక బొమ్మ ఉంది. వేడి నీళ్ళు పైపుల్లో తిరిగే షెడ్డు, పైపుల మీదుగా గాలి కొట్టే ఫ్యాన్లు, ఆ గాలికి ఆరే మిరపకాయలు. రిటైరయ్యేలోపు ఆ షెడ్డు కట్టించాలని ఆయన పట్టుదల. రిటైర్మెంట్ ఎంతో దూరం లేదు. పెద్ద ఆఫీసుకు ఎన్నిసార్లు రాసినా, కరెంటు తయారుచేసేవాళ్ళకు మిరపకాయలతో ఏం పని అని తిప్పి పంపేవారు.

మార్తా వచ్చింది

మే నెలలో పోలండ్ నుంచి మార్తా అనే ఇంజినీరు వచ్చింది. వాళ్ళదీ మనలాగే బొగ్గు మీద బతికే దేశం. కరెంటు, వేడి, ఈ రెండింటికోసం భూమిని వేడెక్కించే వాయువును వాళ్ళ దేశం గాల్లోకి ఎంత వదులుతోంది, మన దేశం ఎంత వదులుతోంది అని పోల్చే పని మీద వచ్చింది. దేశం మొత్తం అంకెలు పై నుంచి వస్తాయి, ఉదాహరణగా కొన్ని కేంద్రాల లెక్క కింద జత చేస్తారు. అందులో మాది ఒకటి. మా వైపు నుంచి కులకర్ణి సారు, నేను.

పెద్ద ఆఫీసు నుంచి ఒక అధికారి ముందే ఒక మాట చెప్పి వెళ్ళారు. వాళ్ళకూ మనకూ తేడా ఎక్కువగా కనిపిస్తే, ఆ తేడా తగ్గించే పనులకు మంజూరు వస్తుంది, మీ షెడ్డు కూడా అందులో పెట్టేద్దాం అని. సారు మొహం వెలిగిపోయింది. చంద్రబండలో కూడా ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

మొదటిరోజే క్యాంటీన్‌లో నవ్వులాట. కరెంటు సరే, వేడి అంటే ఏమిటని మావాళ్ళు అడిగారు. మార్తా ఓపిగ్గా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో చలికాలం కరెంటు కేంద్రం వదిలేసే వేడిని నీళ్ళలో పట్టి, భూమిలో వేసిన పైపుల ద్వారా ఇంటింటికీ పంపుతారట. వీధంతా మంచు కప్పి ఉంటే పైపు పోయే దారి మాత్రం నల్లగా, తడిగా కనిపిస్తుందట, పిల్లులు అక్కడే పడుకుంటాయట. ఆ వేడి ఆగిపోతే ముసలివాళ్ళు బతకరు అంది. నెల మే, ఊరు రాయచూరు. ఫ్యాన్ కింద కూర్చుని కూడా చెమటలు కారుతున్నాయి. ఇంటింటికీ వేడి సరఫరా అనగానే క్యాంటీన్ అంతా గొల్లుమంది. వంటాయన కళ్ళు తుడుచుకుంటూ, మాకు సూర్యుడే పంపుతున్నాడమ్మా, ఆపమని ఎవరికి రాయాలో చెప్పు అన్నాడు. మార్తా కూడా పగలబడి నవ్వింది.

తర్వాత ఆ పిల్ల మాలో కలిసిపోయింది. మిరపకాయ బజ్జీ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ మర్నాడు అదే అడిగేది. నర్సిములు భార్య ఆమెకు ఒక సంచీడు ఎండుమిరప పంపింది.

పని మాత్రం చిక్కుగా ఉండేది. దేశం మొత్తం లెక్క చూస్తే మనం చాలా ఎక్కువ వదులుతున్నాం, ఎందుకంటే మన జనం ఎక్కువ. మనిషికింత అని పంచితే వాళ్ళు ఎక్కువ, మనం తక్కువ. పెద్ద ఆఫీసులో కొందరికి, దేశం పరువు కోసం, మనిషి లెక్క ఒక్కటే ఉంటే బాగుండునని ఉంది. సారు ఒప్పుకోలేదు. రెండూ రాసి, ఒక్కో యూనిట్ కరెంటుకు ఎంత అన్నది మూడోది కూడా పక్కన పెట్టారు. మీకూ ఇలాంటి ఒత్తిడి వస్తుంది. రెండు దేశాలను పోల్చేటప్పుడు రెండింటి మీదా ఉన్న అభిమానాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే వదిలి లోపలికి రండి. బయటికి వెళ్ళేటప్పుడు ఎలాగూ తొడుక్కుంటారు.

చివరి వరసలో "బయటికి ఇచ్చిన వేడి" అని ఒక గడి ఉంది. మార్తా వాళ్ళ కేంద్రానికి అందులో పెద్ద అంకె. మాకు గీత గీసి వదిలేద్దామా అని అడిగింది. సారు తల అడ్డంగా ఊపారు. గీత గీస్తే మా దగ్గర వేడే లేదనుకుంటారు, లేకపోవడమేంటి, కాలువలో పోతోంది, ఎవరికీ ఇవ్వడం లేదు అంతే, కాబట్టి సున్నా అని రాయమన్నారు. నేనే రాశాను. సున్నా రాస్తుంటే ఎందుకో చిన్నతనంగా అనిపించింది.

తరుగు

పట్టిక తయారైంది. యూనిట్ కరెంటుకు మేం వదిలే వాయువు వాళ్ళకన్నా చాలా ఎక్కువ అని వచ్చింది. మేం ముగ్గురం కూడికలు, హెచ్చవేతలు మళ్ళీ మళ్ళీ సరిచూశాం. పెద్ద ఆఫీసు అధికారి వచ్చి చూసి, ఇంత తేడా ఉంటే మంజూరు ఆగదు, మీ మిరపకాయల షెడ్డు అయిపోయినట్టే అనుకోండి అని సారు భుజం తట్టి వెళ్ళారు. చివరి సమావేశం ఒక్కటే మిగిలింది.

అప్పటికి మా ఊళ్ళో కాలువ కింద వరి కోతలు మొదలయ్యాయి. మా తమ్ముడు శీను ఒకరోజు ఫోన్ చేసి ఊపిరాడనివ్వకుండా గోల పెట్టాడు. వడ్లు పచ్చిగా ఉన్నాయని వ్యాపారి తేమ మిషన్ పెట్టి, తడి బరువు మేరకు తరుగు తీశాడట. పక్క చేనాయన మాత్రం ఆరబెట్టి తూచాడట. కాటా చీటీలో వీడి బస్తాలు ఎక్కువ కనిపించాయని సంబరపడితే తరుగు పోయాక అంతా సమానమైందట.

"ఒకటే విత్తనం అక్కా, ఒకటే కాలువ. పచ్చివి తూచి నేనేదో పండించేశాననుకున్నా. నీళ్ళు తీసేస్తే ఆయనదీ నాదీ ఒకటే."

పాపం వాడు ఓదార్పు కోసం ఫోన్ చేశాడు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మా పట్టికలో వాయువు లెక్క ఎలా కట్టాం? ఇంత వేడికి ఇంత వాయువు అని చెప్పే గుణకం ఒకటి ఉంటుంది. దాన్ని మార్తా తెచ్చిన పుస్తకంలోంచి తీసుకున్నాం. ఆ గుణకం తరుగు తీసిన, అంటే చిమ్నీలో పోయేది తీసేసిన వేడికి కట్టింది. మేం దాన్ని మా అలవాటు ప్రకారం తరుగు తీయని వేడితో హెచ్చవేశాం. వాళ్ళవి ఆరిన వడ్లు, మావి పచ్చి వడ్లు. మా వాయువు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించింది. కూడికలన్నీ సరిచూసిన మేం ముగ్గురం, ఏ లెక్కన అని అడగడమే వృత్తిగా పెట్టుకున్న ఆ మహానుభావుడితో సహా, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పుడూ రాసే పద్ధతి కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. అలవాటు పడ్డ చోటే జాగ్రత్తగా ఉండండి అని అందుకే చెప్తాను.

సరిచేసి చూస్తే తేడా పోలేదు గానీ బాగా తగ్గింది. తేడా తగ్గితే షెడ్డు కూడా పోతుంది. ఆ కాగితం పట్టుకుని సారు గదికి బయల్దేరాను. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది అన్న ఆలోచన రాలేదని నేను చెప్పను, వచ్చింది. నర్సిములు భార్య పంపిన ఎండుమిరప సంచీ కళ్ళలో మెదిలింది.

సారు కాగితం చూశారు. తడి రుమాలు మొహానికి అద్దుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు.

"రైతు తెచ్చిన వడ్లకు తరుగు తీస్తే న్యాయమే అంటాం. మన బొగ్గుకు మనమే తరుగు తీయకపోతే ఎట్లమ్మా?"

ఆ సాయంత్రం బజ్జీలు తెప్పించారు. ఆరోజు ఎవరినీ కేకలేయలేదు, అయినా తెప్పించారు.

రెండు పట్టికలు

సమావేశంలో సారు తప్పు పట్టికను దాచలేదు. ముందు అదే చూపించారు. ఇది మేం చేసిన పొరపాటు, ఇలా జరిగింది, ఇదిగో సరిచేసినది అని పక్కపక్కన పెట్టారు. మార్తా లేచి, గుణకం ఏ వేడికి కట్టిందో నేనూ చెప్పి ఉండాల్సింది అంది. మంచి పిల్ల. పెద్ద ఆఫీసు అధికారి మొహం మాడ్చుకున్నారు. తేడా ఇంతేనా, అయితే మంజూరు సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆఫీసు భాషలో తర్వాత అంటే ఏమిటో మీకూ త్వరలోనే తెలుస్తుంది.

బయట నర్సిములు ఎదురుచూస్తున్నాడు. సంగతి విని చిమ్నీ వంక చూశాడు.

"నిజం చెప్పిండ్రు, మంచిదే సార్. మరి మా కాయల గతేంది?"

సారు అంతటి పెద్దమనిషి తల వంచుకుని నిలబడటం అదే మొదటిసారి చూశాను. మార్తా వెళ్ళిపోయింది. కొద్దికాలానికి సారు కూడా రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరూ ఆయన్ని పొగిడారు. ఆయన మాత్రం వెళ్ళేముందు ఆ పొగలు కక్కే కాలువ దాకా నడిచి వెళ్ళి వచ్చారు. షెడ్డు బొమ్మ నా చేతిలో పెట్టి, నీ దగ్గర ఉండనీ అన్నారు.

తర్వాత నేనేమీ ఘనకార్యం చేయలేదు. ఆ బొమ్మనూ, సరిచేసిన పట్టికనూ కలిపి, అవకాశం వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ పంపాను. చుట్టుపక్కల ఊళ్ళ కోసం మన థర్మల్ కేంద్రం ఖర్చుపెట్టే నిధి ఒకటి ఉంటుంది. ఒక ఏడు ఆ నిధి మంజూరు చేసే కమిటీలోకి బయటినుంచి వచ్చిన నిపుణుడొకాయన పట్టిక తీసి, మొదటి ప్రశ్నే అడిగారు, ఈ వేడి తరుగు తీసిందా, తీయనిదా అని. నాకు నవ్వొచ్చింది. రెండు పట్టికలూ ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చదివి, తమ తప్పు తామే పట్టుకున్నవాళ్ళ లెక్క నమ్మొచ్చు అన్నారు. పాత పట్టిక ఒక్కటే ఉండి ఉంటే ఆ ప్రశ్న దగ్గరే షెడ్డు ఆశ శాశ్వతంగా కూలిపోయేది.

ఆ నిధితో కేంద్రం గోడ అవతల కట్టింది చిన్న షెడ్డే. దేశాల లెక్కలో దాన్ని వెతికితే కనపడదు. దానివల్ల భూమి చల్లబడిందని నేనెవరికీ చెప్పను, మీరూ చెప్పకండి. ప్రారంభానికి సారును పిలిచాం. ఇంకా సన్నబడ్డారు, వాళ్ళావిడ చేయి పట్టుకుని వచ్చారు. రిబ్బన్ నర్సిములు భార్య చేత కోయించారు. తర్వాత లోపలికి వెళ్ళి పైపు మీద అరచేయి ఆనించి, వేడి భరించలేక తీసి, మళ్ళీ ఆనించారు. ఆ ఏడాదే కాయల కాలంలో ఒక అకాల వాన వచ్చింది. వాన కొడుతుంటే చంద్రబండ కాయలు షెడ్డులో గలగలలాడుతూ ఆరాయి. ఆ ఘాటుకు మేమందరం తుమ్ముతూ నవ్వుతూనే ఉన్నాం.

మార్తా నేర్పిన పట్టికను మేం ఏటా నింపే అలవాటు వదల్లేదు. నేను రిటైరయ్యే ముందు నింపిన చివరి పట్టికలో "బయటికి ఇచ్చిన వేడి" గడి దగ్గర పెన్ను ఆగింది. ఏటా సున్నా రాసిన గడి. ముందు సారుకు ఫోన్ చేశాను. సారూ, ఈసారి సున్నా కాదు, అంకె రాస్తున్నాను అన్నాను. సంతోషిస్తారనుకున్నాను. అవతలినుంచి, వయసుకు కొంచెం వణుకుతూ, ఆ పాత గొంతు వినిపించింది.

"ఏ లెక్కన? కేంద్రంలో పైపులకు ఎక్కిచ్చిందా, షెడ్డుకు చేరిందా?"

"దారిలో పోయినదానికి తరుగు తీశాను సారూ. షెడ్డుకు చేరిందే."

"అయితే రాయమ్మా" అన్నారు.